తంగేటిపూవు శుభపత్రము
(ఉపన్యాస పాఠము)

కాళిదాసుని అభిజ్ఞానశాకుంతలము మూడవ యంకమున ఒక లేఖ గలదు. మాలినీతీరమున లతాగృహములో శకుంతల తాపముతో పడియుండగా ప్రియంవద ఒక యుపాయము చెప్పినది. రాజునకు లేఖ వ్రాసినచో, దానిని పూలలో దాచి, దేవతాప్రసాదమను నెపమున ఆతని చేతికి చేర్చవచ్చునట. వ్రాయుటకు సాధనములు లేవని శకుంతల యనగా, చిలుక కడుపువలె నున్ననైన తామరాకుమీద గోటితో అక్షరములు గీయుమని ఆ చెలికత్తెయే మరల తోవ చూపినది. పొదచాటున నున్న రాజు అంతయు విని తానే యెదుట నిలిచెను గనుక ఆ లేఖకు పూలలో ప్రయాణము చేయవలసిన పని లేకపోయెను. ఐనను పంపదలచిన మాటను పూవుతో జతచేసి పంపవలెనను తలంపు ఎంత పాతదో ఆ ఘట్టమువలన తెలియుచున్నది.

మన యిండ్లలో శుభలేఖ నాలుగు మూలలకును పసుపు పూసి పంపుట ఆచారము. తపాలాబంట్రోతు దానిని అరుగుమీద పెట్టిన యంతనే, అక్షరము రాని జేజికి సయితము ఎవరియింటనో పెండ్లి కుదిరినదని తెలియును. మనుమడు బడినుండి వచ్చి చదివి వినిపించువఱకు ఆమె ఆగదు. అప్పటికే ఆ వార్త నాలుగిండ్లకు ప్రాకియుండును. చదువకమునుపే శుభమని తెలుపునది ఆ పసుపుమరక. ఆ పనినే శుభాకాంక్షపత్రము మీది పూవు చేయవలెను. కాగితమును మడిచి, కత్తిరించి, అతికించి అట్టి పూలపత్రమును ఇంటిలోనే చేయు విధమును, మైదుకూరివంటి యూర అది ఏ పూవుగా నుండదగునను మాటయు ఈ యుపన్యాసమునకు విషయము.

అచ్చుపత్రముల చరిత్ర చిన్నది. ఇంగ్లండులో 1843వ సంవత్సరమున హెన్రీ కోల్ అను నాతడు, క్రిస్మస్ నాటికి మిత్రులందఱికిని వేర్వేఱుగా జాబులు వ్రాయుటకు తీరిక చాలక, జాన్ కాల్కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే ఒక బొమ్మ గీయించి వేయి ప్రతులు అచ్చువేయించెను. రంగులు చేతితో అద్దిరి. వెల ఒక షిల్లింగు. వ్యాపారమునకై వెలువడిన తొలి క్రిస్మస్ కార్డు అదియే. అనగా ఆ జాతి పుట్టినదే తీరిక లేమినుండి! మన దేశమున తంతిశాఖవారు మఱి యొక యడుగు ముందుకు వేసి, శుభాకాంక్షల వాక్యములకు అంకెలు కట్టిరి. పంపువాడు అంకె చెప్పినచాలును, వాక్యము ఆవలి యూర చేరెడిది. ఆ తంతిసేవ 2013 జూలైలో ముగిసినది. అంతకుముందు ఇరువది ముప్పది యేండ్లు డిసెంబరు మాసము రాగానే అంగళ్ళ ముందు దారములకు రంగురంగుల కార్డులు వ్రేలాడుచుండెడివి. సంక్రాంతి దాటువఱకు ఆ బేరము సాగెడిది. నేడు ఒకే పూలబొమ్మ ఒక్క వ్రేలిపోటుతో నూఱుమందికి చేరుచున్నది. ఆ బొమ్మలో గులాబి తప్ప వేఱొక పూవు కనబడుట అరుదు.

చదివినవారు కొందఱు కాగితపుపనిని పిల్లలాటగా ఎంచి చప్పరింతురు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో గీతము, వాద్యము, నృత్యము, ఆలేఖ్యము అను నాలుగింటి వెనువెంటనే అయిదవదిగా విశేషకచ్ఛేద్యము వచ్చును. ఆకులను సొగసుగా కత్తిరించి నుదుటి తిలకములుగా దిద్దు నేర్పు అది. పిదప బియ్యముతోను పూలతోను ముగ్గులు తీర్చుట, ఆ పిదప పూలు పఱచుట. చిత్రలేఖనము తరువాతి పీట కత్తిరింపునకే దక్కినదని చప్పరించువారు గమనించవలెను.

మడతపనియు ఈ సీమకు క్రొత్త కాదు. పూర్వము కరణములును వర్తకులును లెక్కలు వ్రాసికొన్న కడితము మడతపెట్టిన గుడ్డయే గదా. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడియు కలిపి పట్టించి, ఆరవేసి, విసనకఱ్ఱవలె ఒకమాఱు ముందునకు ఒకమాఱు వెనుకకు మడిచి, దానిమీద బలపముతో వ్రాసెడివారు. బారెడు లెక్క చంకలో ఇమిడెడిది. ఇక పీర్లపండుగకు కత్తిరించు రంగుకాగితములు, పెండ్లిపందిటి తోరణములు, ఆగస్టు 15వ తేదీకి బడిలో పురికొసకు అతికించు మువ్వన్నె జెండాలు, వీనియందు చేయితిరిగినవారు పల్లెపల్లెను ఉండిరి. ప్లాస్టిక్కు తోరణము వచ్చిన పిదప ఆ చేతులకు పని తగ్గినది. కత్తెర ఇంకను ఇంటిలోనే యున్నది.

మొదట కాగితము సంగతి. పత్రమునకు దళసరి డ్రాయింగు కాగితమును, పూలకు పలుచని పతంగు కాగితమో ముడుతల కాగితమో సాదా తెల్లకాగితమో తగును. ప్రతి బడిపిల్లవాడును కాగితము మడుచును గాని, దానికి దిక్కు ఉన్నదని ఎఱుగడు. యంత్రమున చేసిన కాగితములో నారలు యంత్రము సాగిన దిక్కుననే ఎక్కువగా పరుండియుండును. ఆ నారల వెంట మడిచినచో మడత తిన్నగా వచ్చును. వానికి అడ్డముగా మడిచినచో దళసరి కాగితము మడతచోట పగిలి తెల్లని పీచు బయటపడును. పరీక్ష సులభము. కాగితమును రెండు చేతుల నడుమ ఒకమాఱు నిలువుగా, ఒకమాఱు అడ్డముగా వంచిచూడవలెను. ఎటు తేలికగా వంగునో అటే మడత. ఔరంగాబాదు చెంతనున్న కాగజీపురమునందువలె తొట్టిలోని గుజ్జును చట్రముతో పైకెత్తి ఆరవేసి చేసిన చేతికాగితమునకు ఈ బాధ లేదు. అందు నారలు ఎటుబడిన అటు పడియుండును. మడుచుటకు ముందు మడతగీతను మొద్దుమొనతో నొక్కి గీయవలెను. సిరా అయిపోయిన బాలుపెన్ను ఇందులకు మిక్కిలి మేలు. ఏ యింటనైన అటకమీద పాత గంటము మొద్దువాఱి పడియున్నచో అదియు పనికివచ్చును. తాటాకుమీద కావ్యములు వ్రాసిన దానికి ఈ కొలువు తక్కువయేమియు కాదు.

ఇక పూవు. అంగడిలో అమ్మెడి సరంజామాలో యంత్రము కత్తిరించిన గులాబిరేకులు సిద్ధముగా నుండును; జిగురు పూసి అంటించుటయే తరువాయి. గులాబిని ఇంట చేయుటయు కష్టము కాదు. గుండ్రని కాగితమును నత్తగుల్ల తీరున చుట్లుచుట్లుగా కత్తిరించి, వెలుపలి కొసనుండి లోనికి చుట్టినచో గులాబి యగును. అంతటితో దానిని విడువవచ్చును.

మైదుకూరు నేల రెండు విధములు. కర్నూలు–కడప కాలువనీరు అందిన మాగాణిలో వరియు పసుపును పండును. పసుపులో ‘మైదుకూరు’ అను పేరుతోనే ఒక రకము వ్యవసాయగ్రంథములకు ఎక్కినది. నీరు అందని మిట్టనేలలో, గట్లవెంట, బాటల యోరలను తంగేడు పూచును. ఎవరును నాటరు, నీరు పోయరు. దాని బెరడు తోళ్ళు ఊనుటకు, దాని పూవు పండుగలకు. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు ఆ పూవే ముఖ్యము. 2014లో ఏర్పడిన ఆ రాష్ట్రమునకు అదియే రాష్ట్రపుష్పము కూడ. ఈ సీమలో మాత్రము కట్టెలమోపునకు పైకట్టుగా దాని కొమ్మలు కనబడును గాని పటములలో కనబడదు.

ఇచట ఒక మాట తలచుకొనవలసియున్నది. కడప జిల్లానుండి కువైటు దేశమునకు బ్రతుకుదెరువుకై పోయినవారు అసంఖ్యాకులు. రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి ఇంటికి వచ్చువారే ఎక్కువ. అట్టి తండ్రికి ఒక బాలిక సంక్రాంతికి పత్రము పంపదలచినదనుకొందము. ఫోనులో ఆతనికి కూతురి ముఖము కనబడును, మాట వినబడును. మాట ముగిసిన పిదప తలగడ క్రింద పెట్టుకొనుటకు ఏమియు మిగులదు. ఆమె గులాబి పంపినచో అట్టిది ఆతనికి అచటి అంగడిలోను కనబడును. తంగేడు కనబడదు. అచ్చువేసిన గులాబి ఎవరు ఎవరికి పంపినను ఒకటియే. గట్టుమీది తంగేడు ఆ యింటినుండి ఆ తండ్రికి మాత్రమే పోదగిన పూవు. కావున బాలిక కత్తెర పట్టుటకు ముందు గట్టుకు పోయి ఒక పూవు కోసి తెచ్చి ముందు పెట్టుకొనవలెను.

అట్లు చూచుటయందే పని సగము తీఱును. తంగేటిపూవునకు 5 రేకులు. అంచులు కొంచెము ముడుతలు పడి, పలుచని నరములు కలిగియుండును. నడుమ 10 కేసరములు. అందు పైవి మూడు వట్టివి. క్రిందివానిలో కొన్ని పొడవై కొడవళ్ళవలె వంగియుండును. ఆకు ఈనెకు ఇరుప్రక్కల 8 మొదలు 12 జతల చిఱుటాకులు. ఇవి యన్నియు ఎదుట పూవున్నవానికి కనబడును, బొమ్మ చూచి చేయువానికి కనబడవు.

రంగు కొనవలసిన పని లేదు. ఒక చెంచా పసుపుపొడిని చిన్న గ్లాసెడు నీట మరగించి, గుడ్డతో వడగట్టి, వెచ్చగా నున్నప్పుడే దూదితో తెల్లకాగితమునకు పూసి నీడపట్టున ఆరవేయవలెను. రెండు పూతలు పూసిన నిండువన్నె వచ్చును. ఆరిన పిదప సున్నపుతేటలో ముంచిన పుల్లమొనతో గీసినచో గీచినచోట ఎఱ్ఱబాఱును. పెండ్లిలో పారాణి ఎఱ్ఱబాఱుటకును కారణము ఇదియే, పసుపునకు క్షారము తగిలిన ఎఱుపగును. రేకుల నరములకు ఆ గీత చాలును. ఒకే కొమ్మునుండి రెండు రంగులు! ఐతే ఈ వన్నెకు ఎండ గిట్టదు. కిటికీచెంత పెట్టినచో కొలదిదినములలో వెలియును.

తరువాత లెక్క. కాగితమును సగమునకు సగము మడుచుచు పోయి కత్తిరించినచో రేకులు నాలుగు వచ్చును, ఎనిమిది వచ్చును, పదునాఱు వచ్చును. అయిదు ఎన్నటికిని రాదు. పందిటితోరణములందలి పూలన్నియు ఎనిమిదిరేకులవి యగుటకు కారణము ఇదియే. తంగేటికి, మందారమునకు, ఉమ్మెత్తకు అయిదు కావలెను. దానికి ఉపాయము గలదు. నలుచదరపు కాగితమును ఒకసారి సగముగా మడిచి, మడత అంచున నడిమిచుక్క పెట్టవలెను. ఆ చుక్కవద్ద కోణము 180 అంశలు. దానిని బడిపిల్లల కంపాసుపెట్టెలోని కోణమాపినితో 36 అంశల చొప్పున అయిదు పాళ్ళు చేసి, ఆ గీతలవెంట విసనకఱ్ఱవలె ముందు వెనుకలుగా మడువవలెను. పది పొరల యిఱుకుముక్క యగును. దానిమీద సగము రేకు ఆకారమును, ఒక అంచువైపు ఎత్తుగను రెండవవైపు పల్లముగను వచ్చునట్లు గీసి, ఒక్క కత్తిరింపున కత్తిరించి విప్పినచో సరిగా అయిదు రేకులు. మొనవద్ద మాత్రము కత్తెర తగులరాదు. తగిలినచో రేకులన్నియు విడిపోవును. మొదటి రెండు మూడు కాగితములు పాడగుట సహజము కావున పాతలెక్కల పుస్తకపు కాగితముతో చేయి సరిచేసికొని, ఆ పిదపనే పసుపుకాగితము ముట్టవలెను.

కత్తిరించిన రేకుల కొసలను వ్రేళ్ళతో కొంచెము నలిపినచో తంగేటి ముడుత వచ్చును. కేసరములకు సన్నని కాగితపు వత్తులు నలిచి, పొడవువానిని కొడవలివంపుగా వంచి, నడుమ అతికించవలెను. అన్ని రేకులును ఒకే కొలతగా నుండుట చూపునకు కొంత బిఱుసుగా తోచును. పూవును చూచినవారు తమంత తామే ఒక రేకును కాస్త తగ్గింతురు.

చేమంతికి ఇంత లెక్క అక్కఱలేదు. అంగుళము వెడల్పును పదియంగుళముల పొడవును గల పట్టీని ఒక అంచున ముప్పాతికవఱకు దువ్వెనపండ్లవలె చీల్చి, చీల్చని అంచుకు జిగురు పూయుచు బిగువుగా చుట్టి, ఆరిన పిదప పండ్లను వెలుపలికి వంచిన చాలును. కత్తెర వీపుతో మెల్లగా రాచినచో ఒక్కొక్క రేకును సొంపుగా వంగును. శీతకాలమున ఇది ఆఱేండ్ల పిల్లలకును చేతనగు పని.

చూచి చేయుటయన ఏమో ఎఱుగదలచిన వారికి మేరీ డిలేనీ అను ఆంగ్లవనిత చరిత్ర చెప్పదగినది. ఆమె 1700వ సంవత్సరమున జన్మించినది. 1768లో రెండవసారి వైధవ్యము ప్రాప్తించినది. తన 72వ యేట, ఒకనాడు బల్లమీది ఎఱ్ఱకాగితపు ముక్కకును ప్రక్కనున్న పూరేకునకును వన్నెలో భేదము లేకుండుట గమనించి, కత్తెర తీసికొని ఆ రేకునే కత్తిరించినది. అది మొదలు పదియేండ్లలో వేయింటికి కొంచెము తక్కువగా పూలమొక్కలను కాగితముతో తీర్చినది. నల్లని కాగితము మీద వందలకొలది చిన్నముక్కలు అతికి చేసిన ఆ పూలలో కొన్నిట ఒక్క పూవునకే రెండువందలకు పైగా ముక్కలుండును. ప్రతి మొక్కను ఎదుట పెట్టుకొనియే చేసినది. కేసరముల లెక్క తప్పనిచ్చుటలేదు. సర్ జోసఫ్ బ్యాంక్స్ వంటి వృక్షశాస్త్రజ్ఞుడు సయితము వానిని మెచ్చెను. కంటిచూపు మందగించుటచే 1782 ప్రాంతమున పని మానినది. 1788లో గతించినది. ఆ పది సంపుటములు 1897 నుండి లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందున్నవి. డెబ్బదిరెండవ యేట కత్తెర పట్టినవారి పేరు చెప్పిన పిదప మన యూరి జేజులు తమకు ప్రొద్దుపోయినదని తప్పించుకొనుటకు వీలులేదు.

ఇక పత్రమును కూర్చుట. బడిలో వాడెడి కాగితములో సగమును మఱల సగముగా మడిచినచో పుట వెడల్పు పదిన్నర సెంటీమీటర్లు వచ్చును. తెఱచినప్పుడు పూవు లేచి నిలువవలెనన్నచో, మడతకు ఇరువైపుల మూడేసి సెంటీమీటర్లు సాగునట్లు, రెండు సెంటీమీటర్ల యెడముతో రెండు గాట్లు పెట్టి, నడిమి పట్టీని లోనికి త్రోయవలెను. చిన్న మెట్టు నిలుచును. దానిమీద పూవు అతికించిన యెడల పత్రము తెఱువగానే పూవు లేచును, మూయగానే పడుకొనును. గాటు పుటవెడల్పులో సగమునకు మించరాదు. మించినచో మూసినపుడు మెట్టు అంచు దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చును. మెట్టు వెనుక ఏర్పడిన తూటు కనబడకుండ వెలుపల ఇంకొక కాగితము అట్టవలె అంటించి, మెట్టుకు మాత్రము జిగురు తగులనీయరాదు.

జిగురునకు తుమ్మబంక శ్రేష్ఠము. గోరువెచ్చని నీట రాత్రి నానవేసి ఉదయమున వడగట్టిన చాలును. మైదాజిగురు చౌక గాని పురుగు పట్టును. చిటికెడు మైలుతుత్తము కలిపినచో పట్టదు, అది విషము కావున ఆ పని పెద్దలు చేయవలెను. జిగురు పలుచగా, తక్కువగా పూయవలెను. ఎక్కువైనచో పతంగు కాగితము ముడుచుకొని పోవును. అతికించిన దానిని రాత్రియంతయు బరువుక్రింద ఉంచవలెను. ఈ బరువునకు గ్రంథాలయపు నిఘంటువులు వాడరాదని వేఱుగ చెప్పవలసి వచ్చుచున్నది, ఏలయన ఏ గ్రంథాలయమందైనను జిగురుమరకల నిఘంటువొకటి ఉండకమానదు. పూలబొమ్మలకై పత్రికల పుటలు కత్తిరించి పట్టుకొనిపోవుట అంతకంటె పెద్ద యపచారము. ఒకరి శుభమునకై నూఱుమంది చదువును కత్తిరించుట యగునది. గట్టుమీద పూలున్నవి, వానిని చూచి చేసికొనవచ్చును.

పంపునపుడు తపాలాకచేరి ముద్రను మఱువరాదు. బిళ్ళ కవరు కుడివైపు పైమూలను అంటింతురు, ముద్ర అచటనే దెబ్బగా పడును. కావున ఎత్తుగానుండు పూవు ఆ మూలకు దూరముగా, ఎడమవైపు క్రిందికి వచ్చునట్లు పత్రమును కవరులో పెట్టవలెను. పూవుమీద పలుచని దూదిపొరయు, దానిమీద ఒక అట్టముక్కయు ఉంచిన మఱింత మేలు. విదేశమునకు పోవునది తూకము వేయించియే బిళ్ళ అంటించవలెను.

లోపల వ్రాయవలసినది తక్కువయే. అచ్చుకార్డుల మీది పద్యములను చూచి వ్రాయుట వృథాశ్రమ. వాన పడినదా, పసుపు త్రవ్విరా, ఆవు ఈనినదా అను రెండు మూడు వాక్యములు చాలును. వెనుకవైపున ఊరి పేరు, తేది, తెలుగు సంవత్సరపు నామము, పూవు కోసిన గట్టు పేరు, పూవు పేరు వ్రాయవలెను. పసుపు వెలిసి రేకులు తెల్లబడిన పిదప అది తంగేడో మఱియేమో చెప్పునది ఆ వ్రాతయే. దానిని పెన్సిలుతో వ్రాయుట మంచిది. సిరా పలుచని కాగితమున ఇవతలినుండి అవతలికి దిగును.